తెరముందు వివేచన
(క్రైస్తవ కుటుంబముల సమావేశమున మన సంఘము పక్షమున చేసిన ప్రసంగపాఠము)



క్రైస్తవ గృహములలో వినోదము ఎట్లుండవలెనను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా మమ్ములను కోరినారు. ఈ విషయమున మన యిండ్లలో రెండభిప్రాయములు ప్రబలియున్నవి. పెద్దలలో అనేకులు సినిమా పాపకూపమని, దానిని గుమ్మము దాటి లోనికి రానీయరాదని తలంతురు. పిల్లలును యువజనులును, "కొంతసేపు నవ్వుకొనుటకు చూచుచున్నాము, ఇందు ఆలోచింపవలసినదేమున్నది?" అందురు. మొదటివారు చూడకయే తీర్పు చెప్పుచున్నారు; రెండవవారు చూచియు తీర్పు చెప్పకున్నారు. ఈ రెండు మార్గములును మనకు చాలవు. చూచినదానిని ఇంటిల్లిపాదియు కలసి విచారించు అలవాటు మన గృహములలో నెలకొనవలెనని మనవి చేయుటకే నేడు మీ యెదుట నిలిచినాము.

ముందుగా మన పరిస్థితిని గమనింతము. బరంపురమున గాని, బళ్లారిలో గాని, కోలారు బంగారు గనుల పట్టణమున గాని, షోలాపురమున గాని, మదరాసులో గాని తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో బిడ్డ బడిలో చదువునది ఒక భాష, వీధిలో ఆడునది ఒక భాష. తెలుగు వాని చెవిని పడునవి మూడు తావులలో మాత్రమే: అమ్మమ్మ నోట, ఆదివారము ఆరాధనలో, సినిమాలో. అమ్మమ్మ చిరకాలముండదు. ఆరాధన వారమునకొక దినము. మిగిలినది సినిమా. 1932లో 'భక్త ప్రహ్లాద' తో మొదలైన తెలుగు టాకీ అనేక దశాబ్దముల పాటు మదరాసులోనే పెరిగినది. 1995లో ఈటీవీ, జెమిని వంటి తెలుగు ఛానళ్లు వచ్చిన పిమ్మట ఆ భాష కేబులు తీగ వెంట మన ముందుగదిలోనికి నడచి వచ్చినది. నేడది పిల్లవాని అరచేతిలోని ఫోనులోనికి చేరినది.

కనుక, "సినిమా చూడకుము" అని మనము ఒక్కమాటతో ఆజ్ఞాపించితిమేని, ఆ మాటతోనే తెలుగు వినబడు ద్వారములలో ఒకదానిని మూసివేయుచున్నామని గుర్తింపవలెను. తెలుగు వినని బిడ్డ తెలుగు చదువడు. తెలుగు చదువని బిడ్డ పదునెనిమిదేండ్లు వచ్చునాటికి తాతగారి బైబిలును తెరచి, అందలి అక్షరములను అపరిచితుని ముఖమును చూచినట్లు చూచును. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో అనేకమును రచించిన పురుషోత్తమ చౌదరిగారు 19వ శతాబ్దమున, నేడు ఒడిస్సాలో చేరియున్న పర్లాకిమిడి ప్రాంతమున జన్మించినవారు. మనవంటి సరిహద్దు సీమ బిడ్డ తెలుగు సంఘములన్నింటికి పాట నిచ్చినాడు. అట్టి సీమలలోనే ఆ పాటను చదువలేని తరము పెరుగుచున్నదన్న మాట మనలను కలవరపెట్టవలెను.

అట్లని తెలుగు నేర్పుచున్నదన్న కారణమున సినిమా చెప్పిన ప్రతి మాటను తలయూచి అంగీకరింపవలెనా? భాష నేర్పు గురువు భాషతోపాటు బుద్ధులను గూడ నేర్పును. ఎవరిని గౌరవింపవలెనో, ఎవరిని చూచి నవ్వవలెనో, కోపము వచ్చినప్పుడేమి చేయవలెనో, ప్రేమ అననేమో, ఈ పాఠములన్నియు పాటలతోను హాస్యముతోను కలసి పిల్లవాని మనస్సున చేరుచున్నవి. పాఠమని తెలియక నేర్చిన పాఠము మరింత లోతుగా నాటుకొనును.

పరభాషా రాజ్యమున నివసించిన మనవంటి వాని కథ యొకటి బైబిలులో నున్నది. బబులోను రాజు ఆస్థానమునకు కొనిపోబడిన దానియేలు కల్దీయుల విద్యను, భాషను నేర్చుకొన్నాడు. అందు అందరికంటె మిన్నగా ఉత్తీర్ణుడైనాడు. కాని రాజు భోజనపు పళ్లెము తన ముందు పెట్టినప్పుడు, దీనిని తిననని నిర్ణయించుకొన్నాడు. గ్రంథమును స్వీకరించినవాడే పళ్లెమును తిరస్కరించినాడు. ఏది గ్రంథమో, ఏది పళ్లెమో గుర్తెరుంగుట వివేచన. అపొస్తలుడైన పౌలు ఏథెన్సు నగరమున గ్రీకు కవుల వాక్యములను ఉదాహరించి ప్రసంగించినాడు. ఆ కవుల రచనలతో ఆయనకు పరిచయమున్నదనియే గదా దీని యర్థము. ఆయనయే థెస్సలొనీక సంఘమునకు వ్రాయుచు, సమస్తమును పరీక్షించి మేలైనదానిని పట్టుకొనవలెనని బోధించినాడు. పరీక్షింపవలెనన్నచో మొదట చూడవలెను. చూచిన పిమ్మట ఊరకుండరాదు.

సంఘపెద్దలును ఈ సమస్యను చాలకాలముగా ఆలోచించుచున్నారు. 1936లో పదునొకండవ పయస్సు పోపుగారు సినిమాను గూర్చియే ఒక విశ్వలేఖను వెలువరించినారు. 1957లో పండ్రెండవ పయస్సు పోపుగారు సినిమాతోపాటు రేడియోను, టెలివిజనును గూడ చేర్చి మరియొక లేఖ వ్రాసినారు. 1963లో రెండవ వాటికను మహాసభ ప్రసార సాధనములను గూర్చి ప్రత్యేక శాసనము చేసినది. ఇవి కథోలిక సంఘపు పత్రములైనను, ప్రేక్షకుడు తాను చూచుదానిని ఎన్నుకొనుటలో బాధ్యుడని, తల్లిదండ్రులు జాగరూకులై యుండవలెనని ఆ మహాసభ చెప్పిన హితవు బాప్టిస్టు, లూథరను, దక్షిణ ఇండియా సంఘ కుటుంబములకును వర్తించునదే.

మన తెలుగువారిలో మహాకవి జాషువాగారి జీవితము ఇచట స్మరణీయము. 1895లో వినుకొండలో జన్మించిన ఆయన యౌవనమున రాజమహేంద్రవరమున మూకీ సినిమాలకు వాచకుడుగా పనిచేసినారు. తెరపై బొమ్మలు కదలుచుండగా ప్రక్కన నిలిచి కథను, సంభాషణలను చదివి వినిపించుట ఆ యుద్యోగము. ఆయనయే తరువాతికాలమున 'క్రీస్తు చరిత్ర' కావ్యమును రచించి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి నందుకొన్నారు. మూకీ తెర ప్రక్కన నిలిచిన ఆ వాచకుని మనము మన యిండ్లలో తిరిగి నిలుపవలెను. తెర బొమ్మను చూపును. దాని యర్థమును విప్పిచెప్పు గొంతు ఇంటిలో నుండవలెను.

"ప్రభుత్వమువారి సర్టిఫికెట్టు ఉన్నదిగదా, మనమేల శ్రమపడవలెను?" అని కొందరనవచ్చును. 1952 నాటి సినిమాటోగ్రాఫు చట్టము ప్రకారము చిత్రములకు సర్టిఫికెట్లు ఇచ్చుచున్నారు. 'యు', 'ఎ' అను తరగతులకు 1983లో 'యుఎ', 'ఎస్' చేరినవి. 2023 సవరణతో 'యుఎ' తరగతిని 7, 13, 16 ఏండ్ల వయస్సులనుబట్టి మూడుగా విభజించినారు. ఇంటర్నెట్టు మీద వచ్చు చిత్రములకును 2021 నియమములు ఇట్టి వయోవిభాగమునే విధించి, 13 ఏండ్లు, అంతకు పైబడిన వయస్సులకు నిర్దేశించిన వానికి తల్లిదండ్రులు తాళము వేసికొను ఏర్పాటుండవలెనని శాసించినవి. ఈ తాళమును వాడుకొనుడు. అది మీ హక్కు. కాని సర్టిఫికెట్టు ఈ చిత్రము ఏ వయస్సువారు చూడవచ్చునో చెప్పును గాని, ఇందు చెప్పబడినది సత్యమా, న్యాయమా అని చెప్పదు.

మరియొక దృష్టాంతము చూడుడు. 2012 అక్టోబరు 2 నుండి తెరపై పాత్ర పొగ త్రాగినప్పుడెల్ల అడుగున హెచ్చరిక వాక్యము కనబడవలెనని నియమము అమలులోనికి వచ్చినది. 2023 సెప్టెంబరు 1 నుండి ఇంటర్నెట్టు చిత్రములకును అది వర్తించుచున్నది. తెరపై చూచినదానిని ప్రజలు అనుకరింతురని ప్రభుత్వమే ఒప్పుకొనినది గదా! కాని నాయకుడు పదిమందిని విరుగగొట్టునప్పుడు అడుగున ఏ వాక్యమును రాదు. నల్లనివానిని, లావుపాటి స్త్రీని, నత్తివానిని చూపి నవ్వించునప్పుడును రాదు. సిగరెట్టునకు చట్టము హెచ్చరిక వేసినది. తక్కినవానికి హెచ్చరిక వేయవలసినది తల్లియు తండ్రియు. ఆ హెచ్చరికను ప్రశ్నరూపమున వేసిన యెడల పిల్లలు విసుగుకొనరు. అట్టి ప్రశ్నలు అయిదింటిని మీ ముందుంచుచున్నాము.

మొదటి ప్రశ్న: ఈ కథలో ఎవరిని చూచి నవ్వుమన్నారు? హాస్యము దేవుడిచ్చిన వరమే. బలవంతుని గర్వమును చూచి నవ్వుట వేరు, బలహీనుని కష్టమును చూచి నవ్వుట వేరు. వంటవాడు, కావలివాడు, వల్లెవాటు సరిగా వేసికొనలేని పల్లెటూరి స్త్రీ, మన పొరుగువారి భాషను యాసతో పలుకు పాత్ర, వీరిని చూచి నవ్వు వచ్చినప్పుడు, అదే మనుష్యుడు మన ప్రక్కన కూర్చుండి చూచుచున్నచో మనమిట్లే నవ్వుదుమా అని అడుగుడు. తమిళుల నడుమ, కన్నడిగుల నడుమ, ఒడియాల నడుమ నివసించు మనకు యాసను వెక్కిరించిన బాధ తెలియును. ఆ బాధ తెలిసినవారము ఇతరుల యాసకు నవ్వరాదు.

రెండవ ప్రశ్న: ఇందు ప్రేమ యని దేనినన్నారు? నాయిక వద్దన్నను నాయకుడు ఆమెను బడికి, బస్సునకు, ఇంటికి వెంబడించును, చివరకామె మెత్తబడును, పాట మొదలగును. ఈ కథ మన చిత్రములలో ఎన్ని పర్యాయములు వచ్చినదో లెక్కింపజాలము. చట్టము దీనికి వేరొక పేరు పెట్టినది. స్త్రీ తన అయిష్టమును స్పష్టముగా తెలిపినను మరల మరల వెంబడించుట 2013 నుండి ప్రత్యేకమైన నేరము. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 78వ విభాగము. మొదటి నేరమునకే మూడేండ్లవరకు ఖైదు విధింపవచ్చును. మీ కుమార్తె, "నాన్నా, ఆ అమ్మాయి వద్దంది కదా, అతనెందుకు వెంటపడుతున్నాడు?" అని అడిగినచో, "ఊరకుండు, అది సినిమా" అని ఆమె నోరు మూయింపకుడు. ఆమె అడిగినది సరియైన ప్రశ్న. ఆ ప్రశ్న మీ కుమారునికిని వినబడవలెను. రేపు వీధిలో ఆమెను ఎవరైనను వెంబడించినప్పుడు ఆ మాట మీతో చెప్పగల ధైర్యము ఆమెకుండునా, ఉండదా అనునది ఈనాడు మీరిచ్చు సమాధానముమీద ఆధారపడియున్నది.

మూడవ ప్రశ్న: పగ తీర్చుకొన్న పిమ్మట ఏమైనది? చిత్రము నాయకుని విజయముతో ముగియును. నాయకుని చేత చచ్చిన ఆ పదిమందికి తల్లులున్నారా? వారి బిడ్డలకు అన్నము పెట్టువారెవరు? చిత్రము ఈ సంగతి చెప్పదు, ఏలయనగా చెప్పినచో ఈలలు ఆగిపోవును. శత్రువును ప్రేమింపుమని బోధించిన ప్రభువును ఆరాధించు ఇంటిలో ఈ ప్రశ్న పుట్టకున్న మరెక్కడ పుట్టవలెను? వీరరసమును ద్వేషింపుమని మేము చెప్పుట లేదు. అన్యాయము నెదిరించుట కావలసినదే. ఎదిరించిన విధమును తూచి చూడుడని మాత్రమే చెప్పుచున్నాము.

నాల్గవ ప్రశ్న: ఇతర మతములవారిని, మనవారిని ఎట్లు చూపినారు? హిందీ చిత్రములు బొంబాయిలోను, షోలాపురమునను ఉన్న మనవారికి సుపరిచితములు. 1975 నాటి 'జూలీ' చిత్రమున ఆంగ్లో-ఇండియను క్రైస్తవ కుటుంబపు తండ్రి మద్యపాన ప్రియుడు. 1977 నాటి 'అమర్ అక్బర్ ఆంథొనీ'లో క్రైస్తవునిగా పెరిగిన ఆంథొనీ సారా దుకాణము నడుపువాడు. ఆంథొనీ ఉదారుడే, ప్రేక్షకులు ప్రేమించిన పాత్రయే. ఐనను క్రైస్తవుడన్నచో సీసా చేత నుండవలెనను నమ్మకము ఇట్టి పాత్రల మూలమున స్థిరపడినది. క్రైస్తవులను ఒక్కరినైనను ఎరుగని ప్రేక్షకునకు వీరే మన ప్రతినిధులు. దీనికి మనస్సు నొచ్చుకొనుట సహజము. కాని అంతటితో ఆగరాదు. మహమ్మదీయుని ద్రోహిగా, పూజారిని తిండిపోతుగా, గిరిజనుని అడవిమృగముగా చూపినప్పుడును మనస్సు నొచ్చుకొనుచున్నదా అని మనలను మనము ప్రశ్నించుకొనవలెను. మంచి సమరయుని కథ చెప్పిన ప్రభువు, తన శ్రోతలు తృణీకరించిన జాతివానినే కథకు నాయకునిగా నిలిపినాడు. మనకొరకు కోరిన న్యాయమును పొరుగువానికిని కోరుట ఆయన నేర్పిన విమర్శ.

అయిదవ ప్రశ్న: మన సొంత భక్తిచిత్రములలో సువార్త ఎంత, కల్పన ఎంత? పేరు క్రైస్తవమైనంత మాత్రమున పరీక్ష తప్పదు. 1978లో ఎ. భీంసింగుగారి దర్శకత్వమున, విజయచందరుగారు క్రీస్తు పాత్ర ధరించిన 'కరుణామయుడు' అనేక భాషలలోనికి పోయి లక్షలాది ప్రజల మనస్సులను కదలించినది. అది మనకు గర్వకారణము. ఐనను చిత్రమనగా ఎన్నిక. కొన్నింటిని చూపవలెను, కొన్నింటిని విడువవలెను, కొన్నింటిని కల్పింపవలెను. క్రిస్మసు నాటికలో ముగ్గురు జ్ఞానులను చూచి వచ్చిన పిల్లవానిని మత్తయి సువార్త రెండవ అధ్యాయము తెరచి లెక్కింపుమనుడు. అచట కానుకలు మూడే గాని, జ్ఞానులెందరో చెప్పబడలేదు. సత్రములో స్థలములేదని తలుపు మూసిన సత్రపు యజమానిని లూకా సువార్తలో వెదకుమనుడు, వాడచట లేడు. ఈ వెదుకులాట పిల్లలకు ఆటవలె నుండును. ఆటలో వారు తెలుగు బైబిలును చదువుదురు, కథకును మూలమునకును గల భేదమును గ్రహింతురు. మన పవిత్రగాథనే అట్లు పరీక్షింప నేర్చిన బిడ్డ, తక్కిన కథలకు సులభముగా మోసపోడు.

ఇక దీనిని ఇంటిలో ఆచరించు విధము చెప్పెదము. వారమునకొక చిత్రమును అందరును కలసి చూడుడు. ముగిసిన వెంటనే లేచిపోక, భోజనపు వేళ అరగంట మాటాడుకొనుడు. అయిదు ప్రశ్నలును ఒకేనాడు వేయకుడు, ఒక్కటి చాలును. మొదట చిన్నవారిని మాటాడనిండు, పెద్దలు చివర మాటాడుడు. తండ్రి మొదటనే తీర్పు చెప్పినచో పిల్లలు దానినే తిరిగి అప్పజెప్పుదురు, లేదా మౌనము వహింతురు. ఆ చిత్రమున బాగున్నదేమో గూడ తప్పక చెప్పించుడు. మంచిని గుర్తింపజాలని విమర్శ చాడీయే యగును.

ఈ నియమము పెద్దలకును వర్తించును. పిల్లవాని సినిమాను తప్పుపట్టు తల్లి, అత్తాకోడండ్రు ఒకరికొకరు కుట్రలు పన్నుకొను సీరియలును రాత్రి రాత్రి చూచుచుండినచో ఆమె మాటకు విలువ యుండదు. కుమారుని ఫోనును లాగికొను తండ్రి తన ఫోనులో ద్వేషము రెచ్చగొట్టు ప్రసంగములను వినుచుండినచో అదియు నంతే. మరియు ఫోనులోని వినోదమునకొక ప్రత్యేక లక్షణము కలదు. థియేటరులో చిత్రము ముగియును, దీపములు వెలుగును, జనులు లేతురు. ఫోనులో ఒకటి ముగియక మునుపే మరియొకటి తానై మొదలగును. చూచువాడు ఎంతసేపు చూచిన అంతగా ప్రకటనలవారికి లాభము. దీపములు వెలిగించువాడు అచట లేడు కనుక, ఇంటివారే వెలిగింపవలెను. రాత్రి భోజనమునకు పిమ్మట పెద్దల ఫోనులతో సహా అన్నియు ముందుగదిలోని బల్లమీద నుండవలెనని నియమించుకొనుడు.

చివరిగా ఒక విన్నపము. చూచిన చిత్రమును గూర్చి పిల్లలచేత తెలుగులో అయిదు వాక్యములు వ్రాయింపుడు. తప్పులున్నను చింతలేదు, మీరు ప్రక్కన కూర్చుండి దిద్దుడు. సినిమా వారి చెవికిచ్చిన తెలుగును మీరు వారి చేతికి అందించినవారగుదురు. మాట విన్నవాడు అనుకరించును. మాట వ్రాసినవాడు ఆలోచించును. అట్లు వ్రాసినవానిలో మంచివానిని మన వారపత్రికకు పంపినచో, బరంపురపు బిడ్డ అభిప్రాయమును యానాము బిడ్డయు, బళ్లారి బిడ్డ అభిప్రాయమును మదరాసు బిడ్డయు చదువుదురు. రాష్ట్రములు వేరైనను మన పిల్లలొకరినొకరు తెలుగులో ఎరుగుదురు.

ఈ ఆదివారమే, మన యిండ్లలో ఒక్క చిత్రముతో, ఒక్క ప్రశ్నతో ఈ పనిని ప్రారంభింతమని కోరుచున్నాము.